ఏ సిస్టమ్ ముందు కూర్చున్నా మీ ఫోల్డరే రావాలా? ఎల్‌డాప్, ఆటోఎఫ్ఎస్ సెటప్ ఎలా చేయాలి

హన్మకొండ నుంచి ఒకరు, మంచిర్యాల నుంచి ఒకరు, మొన్న జగిత్యాల నుంచి ఇంకొకరు. ఊర్లు వేరు గానీ అడిగేది ఒకటే. "అన్నా, ల్యాబ్‌లో నలభై సిస్టమ్స్ ఉన్నాయి, పిల్లలు రోజుకో సిస్టమ్ మీద కూర్చుంటారు, నిన్న పదో నంబర్‌లో రాసిన ప్రోగ్రామ్ ఈ రోజు ఇరవై మూడులో కావాలంటారు, ఏం చేయాలి?" విడివిడిగా చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది, అందుకే మొత్తం ఒకేచోట రాస్తున్నా. పెన్‌డ్రైవ్‌లు తిప్పుకోమని మాత్రం చెప్పకండి. మా ల్యాబ్‌లో ఒకే పెన్‌డ్రైవ్ వల్ల ఎన్ని సిస్టమ్స్‌కి వైరస్ పట్టిందో నాకు తెలుసు.

ముందే ఒక మాట. కమాండ్లన్నీ ఫోన్‌లో పక్కవాడికి చెప్పినట్టు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. పెద్ద అక్షరం కావాల్సిన చోట "పెద్ద" అని చెబుతా. స్పెల్లింగ్ మీద అనుమానం వస్తే ట్యాబ్ కీ నొక్కండి, కమాండ్ పేరు అదే పూర్తవుతుంది.

సిద్ధాంతం నాలుగు వాక్యాల్లో తేల్చేద్దాం. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి గోదాం ఉంటుంది కదా, ఎన్ఎఫ్ఎస్ సర్వర్ (ఫైళ్లని నెట్‌వర్క్ మీద పంచేది) ఆ గోదాం. ఏ బస్తా ఎవరిది, ఏ వరుసలో ఉందో రాసిన చిట్టా డైరెక్టరీ సర్వర్, అంటే ఎల్‌డాప్. హమాలీ ఆటోఎఫ్ఎస్: ఎవరైనా అడిగితేనే బస్తా మోసుకొస్తాడు, ఐదు నిమిషాలు ఎవరూ ముట్టకపోతే తీసుకెళ్లి ఉన్నచోటే పెట్టేస్తాడు. చిట్టా ఒకేచోట ఉంది కాబట్టి గోదాం మారినా నలభై సిస్టమ్స్‌ని ముట్టుకోనక్కర్లేదు.

"ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఒక లైన్ పెడితే సరిపోదా?" అని కొందరు అడుగుతారు. ఎఫ్ఎస్‌ట్యాబ్ అంటే బూట్ అయ్యేటప్పుడే ఏ ఫోల్డర్‌ని సిస్టమ్‌కి తగిలించాలో రాసే ఫైల్, ఆ తగిలించడాన్నే మౌంట్ అంటారు. రెండు సిస్టమ్స్ ఉంటే పెట్టుకోండి, నేనేం అనను. నలభై ఉంటే మాత్రం, సర్వర్ ఆగి ఉన్నరోజు పొద్దున అన్నీ బూట్ దగ్గరే గుడ్లు తేలేసుకుని నిలబడతాయి.

కావాల్సినవి

- ఒక ఫైల్ సర్వర్. ఇక్కడ దాని పేరు రామప్ప అనుకుందాం.
- ఒక డైరెక్టరీ సర్వర్. దీని పేరు పాకాల. ఇందులో ఓపెన్‌ఎల్‌డాప్ ఇప్పటికే నడుస్తూ, యూజర్లు ఎక్కించి ఉన్నారనే అనుకుంటున్నాను. చిన్న ల్యాబ్ అయితే రెండూ ఒకే మెషీన్ మీద పెట్టినా నడుస్తుంది.
- క్లయింట్లు, అంటే పిల్లలు కూర్చునే సిస్టమ్స్. నేను చెప్పేది ఉబుంటు 22.04, 24.04 లెక్కలో. క్లయింట్‌లో వేయాల్సిన ప్యాకేజీలు: ఆటోఎఫ్ఎస్, ఎన్ఎఫ్ఎస్-కామన్, ఎస్ఎస్ఎస్‌డీ (డైరెక్టరీని అడిగి యూజర్ల వివరాలు తెచ్చే సర్వీస్), ఎస్ఎస్ఎస్‌డీ-ఎల్‌డాప్, ఎల్‌డాప్-యుటిల్స్.
- ఫైల్ సర్వర్‌లో ఎన్ఎఫ్ఎస్-కెర్నల్-సర్వర్.
- అన్ని మెషీన్లలో రూట్ పాస్‌వర్డ్ లేదా సూడో. ఇంకా ఒక పూట టైమ్, మధ్యలో ఎవరూ వచ్చి "సార్, ప్రింటర్ పని చేయట్లేదు" అనకుండా.

అన్నింటికంటే ముఖ్యం: ప్రయోగాలు ఒకే ఒక్క క్లయింట్ మీద. అది పూర్తిగా నడిచేదాకా రెండోదాని జోలికి పోవద్దు.

1. పేర్లు, టైమ్ సరిచూసుకోండి

క్లయింట్ నుంచి రామప్పని, పాకాలని పేరుతో పింగ్ చేయండి, ఐపీతో కాదు. పేరు దొరక్కపోతే డీఎన్ఎస్‌లో ఎక్కించండి, డీఎన్ఎస్ లేకపోతే /ఈటీసీ/హోస్ట్స్‌లో రాయండి. డొమైన్ పేరు చివర "డాట్ లోకల్" పెట్టకండి. ఉబుంటులో అవాహీ అనేది ఆ పేర్లని తన సొంత దారిలో వెతుకుతుంది, ఒకసారి దొరికి ఒకసారి దొరక్క మిమ్మల్ని తిప్పలు పెడుతుంది. నేను "ల్యాబ్.ఇంటర్నల్" అని వాడుతున్నా.

టైమ్ కూడా చూడండి. పాత మదర్‌బోర్డుల్లో సీమోస్ బ్యాటరీ పోయి తేదీ ఎక్కడో ఉంటుంది. అప్పుడు టీఎల్ఎస్ (కనెక్షన్‌ని రహస్యంగా ఉంచేది) సర్టిఫికెట్ చెల్లదంటుంది, మీరేమో ఎల్‌డాప్‌ని తిడుతూ కూర్చుంటారు.

2. యూజర్ నంబర్లు రెండు వైపులా ఒకటేనా?

ఇక్కడే సగం మంది బోల్తా పడతారు. ఎన్ఎఫ్ఎస్‌కి మీ పేరుతో పనిలేదు, యూఐడీ నంబర్‌తోనే పని. క్లయింట్‌లోనూ, రామప్పలోనూ ఇది కొట్టండి (సీఎస్ఈ101 ఉదాహరణకి ఒక విద్యార్థి లాగిన్ పేరు):

గెట్‌ఎంట్ పాస్‌డబ్ల్యూడీ సీఎస్ఈ101

రెండు చోట్లా ఒకే లైన్ రావాలి, అదే యూఐడీ, అదే జీఐడీ (గ్రూప్ నంబర్). క్లయింట్‌లో ఇంకా ఎస్ఎస్ఎస్‌డీ పెట్టలేదు కాబట్టి అక్కడ ఏమీ రాకపోతే కంగారు పడకండి, స్టెప్ 5 అయ్యాక మళ్లీ చూద్దాం. రామప్పలో మాత్రం ఇప్పుడే రావాలి. ఫైల్ సర్వర్‌ని డైరెక్టరీకి కలపడం చాలామంది మర్చిపోతారు, "అది సర్వరే కదా, దానికెందుకు" అనుకుంటారు.

ఇంకొకటి. ఉబుంటు ఇన్‌స్టాల్ చేసినప్పుడు మొదటి లోకల్ యూజర్‌కి 1000 నంబర్ ఇస్తుంది. డైరెక్టరీలో కూడా మొదటి విద్యార్థికి 1000 ఇచ్చారనుకోండి, ప్రతి సిస్టమ్‌లో ఉన్న లోకల్ అడ్మిన్ ఆ పిల్లవాడి ఫైళ్లకి ఓనర్ అయిపోతాడు. డైరెక్టరీ యూజర్లకి 10000 నుంచి మొదలుపెట్టండి, గొడవే ఉండదు.

అదే లైన్‌లో హోమ్ ఫోల్డర్ దారి కూడా ఉంటుంది, అది /నెట్‌హోమ్/సీఎస్ఈ101 అని ఉండాలి. /హోమ్/ అని ఉంటే ఎల్‌డాప్‌లో మార్చండి. /హోమ్ మీదే ఆటోమౌంట్ పెడితే ఏమవుతుందో నేను అనుభవించి చెబుతున్నా. మొదటిసారి నేను అలాగే పెట్టాను. సర్వీస్ స్టార్ట్ చేయగానే లోకల్ అడ్మిన్ హోమ్ ఫోల్డర్ మాయం, ఎందుకంటే ఆటోఎఫ్ఎస్ /హోమ్ మీద దుప్పటి కప్పినట్టు కూర్చుంటుంది. కింద ఫైళ్లు భద్రంగానే ఉన్నాయి, కానీ ఆ టైమ్‌లో వెనక హెచ్ఓడీ సార్ నిలబడి ఉన్నారు, నా చొక్కా తడిసిపోయింది. సర్వీస్ ఆపితే అన్నీ తిరిగొచ్చాయి. అప్పటి నుంచి /నెట్‌హోమ్ అని వేరే పేరే.

3. ఎక్స్‌పోర్ట్ చేసి, ముందు చేత్తో మౌంట్ చేయండి

ఎక్స్‌పోర్ట్ అంటే ఫోల్డర్‌ని నెట్‌వర్క్‌లో పంచడం. రామప్పలో /ఈటీసీ/ఎక్స్‌పోర్ట్స్ ఫైల్‌లో:

/ఎక్స్‌పోర్ట్/హోమ్ 192.168.10.0/24(ఆర్‌డబ్ల్యూ,సింక్,నో_సబ్‌ట్రీ_చెక్)

ఐపీ రేంజ్‌కీ బ్రాకెట్‌కీ మధ్య ఖాళీ ఉండకూడదు. ఒక్క స్పేస్ పడితే అర్థమే మారిపోతుంది: బ్రాకెట్‌లో ఉన్న రైట్ పర్మిషన్ మీ ల్యాబ్‌కి కాకుండా ఊరందరికీ పోతుంది. సేవ్ చేశాక:

ఎక్స్‌పోర్ట్‌ఎఫ్ఎస్ -ఆర్ఏ
ఎక్స్‌పోర్ట్‌ఎఫ్ఎస్ -వీ

రెండో కమాండ్ ఏం చూపిస్తుందో కళ్లతో చదవండి. అందులో "రూట్_స్క్వాష్" అని కనబడుతుంది, అది ఉండాల్సిందే, క్లయింట్‌లోని రూట్‌కి సర్వర్‌లో రూట్ అధికారం రాకుండా ఆపేది అదే. "నో_రూట్_స్క్వాష్ పెట్టు, అన్నీ సాఫీగా పోతాయి" అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అలాగే స్పీడ్ కోసం "ఎసింక్" కూడా పెట్టకండి. మనకి ఎండాకాలం కరెంట్ ఎట్లా పోతుందో తెలుసు కదా, ఎసింక్ ఉంటే సర్వర్ "రాసేశా" అని చెప్పినవి కూడా డిస్క్ మీదికి ఎక్కకుండానే పోతాయి.

ఫైర్‌వాల్ ఉంటే రామప్పలో 2049, పాకాలలో 389 పోర్టులు తెరవండి. ఇప్పుడు క్లయింట్ నుంచి:

మౌంట్ -టీ ఎన్ఎఫ్ఎస్4 రామప్ప.ల్యాబ్.ఇంటర్నల్:/ఎక్స్‌పోర్ట్/హోమ్ /ఎంఎన్‌టీ

ఎక్కిందా? ఎల్ఎస్ -ఎల్ఎన్ /ఎంఎన్‌టీ కొట్టి ఓనర్ నంబర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి, తర్వాత యూమౌంట్ చేసేయండి. ఎక్కకపోతే ఇక్కడే ఆగండి. చేత్తో ఎక్కనిది ఆటోమేటిక్‌గా ఎక్కదు, ముందుకు పోతే గందరగోళం పెరుగుతుందంతే. నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం "ఆటోఎఫ్ఎస్ పని చేయట్లేదు" అని మొదలై, చివరికి ఈ స్టెప్ దగ్గరే తేలతాయి.

షోమౌంట్ కమాండ్ ఎర్రర్ ఇస్తే మాత్రం పట్టించుకోవద్దు. దానికి పాత పద్ధతి పోర్టులు కూడా కావాలి, మీరు తెరిచింది 2049 ఒక్కటే. ఎన్ఎఫ్ఎస్ నాలుగో వెర్షన్‌కి అది చాలు.

4. డైరెక్టరీలో మ్యాప్‌లు రాయండి

ఏ ఫోల్డర్‌ని ఎక్కడి నుంచి తేవాలో ఆటోఎఫ్ఎస్‌కి చెప్పే పట్టికే మ్యాప్. ఈ సమాచారాన్ని ఎల్‌డాప్‌లో రాయడానికి రెండు మూడు రకాల స్కీమాలు (ఏ వివరం ఏ పేరుతో రాయాలో చెప్పే నియమాలు) ఉన్నాయి. ఒక్కో గైడ్‌లో ఒక్కోటి చెబుతారు, చదివినవాడు మొదటి గైడ్‌లోది సగం, రెండోదాంట్లోది సగం కలిపేస్తాడు. నా సలహా: ఉబుంటులో స్లాప్‌డీ (ఓపెన్‌ఎల్‌డాప్ సర్వర్ ప్యాకేజీ) వేయగానే ఎన్ఐఎస్ స్కీమా దానంతట అదే వచ్చి ఉంటుంది, ఎస్ఎస్ఎస్‌డీ కూడా డిఫాల్ట్‌గా దాన్నే వెతుకుతుంది. కొత్తగా ఏ స్కీమా ఎక్కించనక్కర్లేదు. దాన్నే వాడండి.

మ్యాప్స్.ఎల్‌డిఫ్ అని ఒక ఫైల్ చేసి ఇది రాయండి. "నిస్" అంటే ఎన్, ఐ, ఎస్ అక్షరాలే. పదాల మధ్య ఖాళీలు ఉండవు, పెద్దచిన్న అక్షరాల పట్టింపు ఈ పేర్లకి లేదు.

డీఎన్: ఓయూ=ఆటోమౌంట్,డీసీ=ల్యాబ్,డీసీ=ఇంటర్నల్
ఆబ్జెక్ట్‌క్లాస్: ఆర్గనైజేషనల్‌యూనిట్
ఓయూ: ఆటోమౌంట్

డీఎన్: నిస్‌మ్యాప్‌నేమ్=ఆటో.మాస్టర్,ఓయూ=ఆటోమౌంట్,డీసీ=ల్యాబ్,డీసీ=ఇంటర్నల్
ఆబ్జెక్ట్‌క్లాస్: నిస్‌మ్యాప్
నిస్‌మ్యాప్‌నేమ్: ఆటో.మాస్టర్

డీఎన్: సీఎన్=/నెట్‌హోమ్,నిస్‌మ్యాప్‌నేమ్=ఆటో.మాస్టర్,ఓయూ=ఆటోమౌంట్,డీసీ=ల్యాబ్,డీసీ=ఇంటర్నల్
ఆబ్జెక్ట్‌క్లాస్: నిస్‌ఆబ్జెక్ట్
సీఎన్: /నెట్‌హోమ్
నిస్‌మ్యాప్‌నేమ్: ఆటో.మాస్టర్
నిస్‌మ్యాప్‌ఎంట్రీ: ఆటో.నెట్‌హోమ్

డీఎన్: నిస్‌మ్యాప్‌నేమ్=ఆటో.నెట్‌హోమ్,ఓయూ=ఆటోమౌంట్,డీసీ=ల్యాబ్,డీసీ=ఇంటర్నల్
ఆబ్జెక్ట్‌క్లాస్: నిస్‌మ్యాప్
నిస్‌మ్యాప్‌నేమ్: ఆటో.నెట్‌హోమ్

డీఎన్: సీఎన్=*,నిస్‌మ్యాప్‌నేమ్=ఆటో.నెట్‌హోమ్,ఓయూ=ఆటోమౌంట్,డీసీ=ల్యాబ్,డీసీ=ఇంటర్నల్
ఆబ్జెక్ట్‌క్లాస్: నిస్‌ఆబ్జెక్ట్
సీఎన్: *
నిస్‌మ్యాప్‌నేమ్: ఆటో.నెట్‌హోమ్
నిస్‌మ్యాప్‌ఎంట్రీ: -ఎఫ్ఎస్‌టైప్=ఎన్ఎఫ్ఎస్4,ఆర్‌డబ్ల్యూ,హార్డ్,నోసూయిడ్ రామప్ప.ల్యాబ్.ఇంటర్నల్:/ఎక్స్‌పోర్ట్/హోమ్/&

చివరి ఎంట్రీలో నక్షత్రం గుర్తు అంటే "ఎవరు అడిగినా" అని, & అంటే "అడిగిన ఆ పేరే ఇక్కడ పెట్టు" అని. ఈ ఒక్క లైన్‌తో నాలుగు వందల మంది పిల్లల పని అయిపోతుంది. ఒక్కొక్కరికి ఒక్కో లైన్ రాస్తూ కూర్చోకండి.

ఎక్కించే కమాండ్ (డీ, డబ్ల్యూ రెండూ పెద్దవి):

ఎల్‌డాప్‌యాడ్ -ఎక్స్ -డీ "సీఎన్=అడ్మిన్,డీసీ=ల్యాబ్,డీసీ=ఇంటర్నల్" -డబ్ల్యూ -ఎఫ్ మ్యాప్స్.ఎల్‌డిఫ్

ఎల్‌డిఫ్ ఫైల్‌తో జాగ్రత్త. ఎంట్రీకి ఎంట్రీకి మధ్య ఒక ఖాళీ లైన్ ఉండాలి. లైన్ మొదట్లో ఒక్క స్పేస్ ఉన్నా, దాన్ని పై లైన్‌కి కొనసాగింపు అనుకుంటుంది. వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకున్న ఎల్‌డిఫ్‌లలో ఈ స్పేస్‌లు తెగ దూరతాయి. ఆర్డర్ కూడా పైనుంచి కిందికే ఉండాలి, తల్లి ఎంట్రీ లేకుండా పిల్ల ఎంట్రీ ఎక్కదు.

ఎక్కిందో లేదో క్లయింట్ నుంచి చూడండి, పాకాల మీద నుంచి కాదు (హెచ్, బీ చిన్నవే):

ఎల్‌డాప్‌సెర్చ్ -ఎక్స్ -హెచ్ ఎల్‌డాప్://పాకాల.ల్యాబ్.ఇంటర్నల్ -బీ ఓయూ=ఆటోమౌంట్,డీసీ=ల్యాబ్,డీసీ=ఇంటర్నల్

అయ్యో, తప్పు చెప్పా. ఇక్కడ హెచ్ పెద్దది, బీ చిన్నది. చిన్న హెచ్ కొడితే అడ్రస్‌ని అర్థం చేసుకోదు. చూశారా, ఇన్నేళ్లు చేసినా నా చెయ్యే తప్పుతుంది. మొత్తం ఐదు ఎంట్రీలు రావాలి.

మీ దగ్గర ఫ్రీఐపీఏ (రెడీమేడ్ డైరెక్టరీ సర్వర్ సెట్) ఉంటే ఈ స్టెప్ మొత్తం వదిలేయండి. అందులో ఆటోమౌంట్ ముందే ఉంటుంది, మ్యాప్‌లు దాని కమాండ్లతోనే చేర్చి, క్లయింట్‌లో "ఐపీఏ-క్లయింట్-ఆటోమౌంట్" నడిపితే చాలు. పాత డైరెక్టరీలో ఇప్పటికే "ఆటోమౌంట్‌మ్యాప్", "ఆటోమౌంట్‌కీ", "ఆటోమౌంట్‌ఇన్ఫర్మేషన్" అని ఉంటే వాటిని చెరపనక్కర్లేదు, కానీ ఎస్ఎస్ఎస్‌డీకి ఆ పేర్లు విడిగా చెప్పాలి. మ్యాప్ క్లాస్, మ్యాప్ పేరు, ఎంట్రీ క్లాస్, కీ, వాల్యూ, మొత్తం ఐదు లైన్లు, అన్నీ "ఎల్‌డాప్_ఆటోఎఫ్ఎస్_" అని మొదలవుతాయి. ఐదింటిలో ఒకటి మర్చిపోయినా మ్యాప్ ఖాళీగా వస్తుంది, ఎర్రర్ మాత్రం రాదు. అదే చిరాకు.

5. క్లయింట్‌లో ఎస్ఎస్ఎస్‌డీ

/ఈటీసీ/ఎస్ఎస్ఎస్‌డీ/ఎస్ఎస్ఎస్‌డీ.కాన్ఫ్:

[ఎస్ఎస్ఎస్‌డీ]
సర్వీసెస్ = ఎన్ఎస్ఎస్, పామ్, ఆటోఎఫ్ఎస్
డొమైన్స్ = ల్యాబ్

[డొమైన్/ల్యాబ్]
ఐడీ_ప్రొవైడర్ = ఎల్‌డాప్
ఆథ్_ప్రొవైడర్ = ఎల్‌డాప్
ఆటోఎఫ్ఎస్_ప్రొవైడర్ = ఎల్‌డాప్
ఎల్‌డాప్_యూఆర్ఐ = ఎల్‌డాప్://పాకాల.ల్యాబ్.ఇంటర్నల్
ఎల్‌డాప్_సెర్చ్_బేస్ = డీసీ=ల్యాబ్,డీసీ=ఇంటర్నల్
ఎల్‌డాప్_ఆటోఎఫ్ఎస్_సెర్చ్_బేస్ = ఓయూ=ఆటోమౌంట్,డీసీ=ల్యాబ్,డీసీ=ఇంటర్నల్
ఎల్‌డాప్_ఐడీ_యూజ్_స్టార్ట్_టీఎల్ఎస్ = ట్రూ
ఎల్‌డాప్_టీఎల్ఎస్_సీఏసర్ట్ = /ఈటీసీ/ఎస్ఎస్ఎల్/సర్ట్స్/ల్యాబ్-సీఏ.పెమ్

ఫైల్ ఓనర్ రూట్, పర్మిషన్ 600. ఇది 644 ఉంటే సర్వీస్ లేవనే లేవదు. రీస్టార్ట్ చేశాక స్టేటస్‌లో "ఆటోఎఫ్ఎస్ సాకెట్ ద్వారా లేచేలా ఉంది, అయినా సర్వీసెస్ లైన్‌లో రాశారు" అని గొణిగితే నష్టం లేదు, పోనివ్వండి.

ఇప్పుడు స్టెప్ 2లో వదిలేసిన గెట్‌ఎంట్ క్లయింట్‌లో మళ్లీ కొట్టండి. యూజర్ కనబడుతున్నాడు కానీ లాగిన్ మాత్రం అవ్వట్లేదు అంటే దాదాపు ఎప్పుడూ టీఎల్ఎస్ గొడవే, ఎందుకంటే టీఎల్ఎస్ లేని దారిలో పాస్‌వర్డ్ పంపడానికి ఎస్ఎస్ఎస్‌డీ ఒప్పుకోదు. పైనున్న స్టార్ట్_టీఎల్ఎస్ లైన్ రాయకపోతే యూజర్ వివరాలు మాత్రం తెస్తుంది, అందుకే సగం పనిచేసినట్టు అనిపించి మనిషిని మోసం చేస్తుంది.

6. ఆటోఎఫ్ఎస్‌కి దారి చూపించండి

/ఈటీసీ/ఎన్ఎస్ఎస్‌విచ్.కాన్ఫ్‌లో ఈ లైన్ ఉండాలి (పేరు కొట్టేటప్పుడు ఎన్, ఎస్ తర్వాత ఇంగ్లిష్ "స్విచ్" పదం మొత్తం రాయండి):

ఆటోమౌంట్: ఫైల్స్ ఎస్ఎస్ఎస్

తర్వాత /ఈటీసీ/ఆటో.మాస్టర్ తెరిచి, చివర్లో ఈ లైన్ ఉందో లేదో చూడండి:

+ఆటో.మాస్టర్

"అంతా ఎల్‌డాప్‌లోనే ఉంది కదా, ఈ ఫైల్ ఎందుకు" అని దాన్ని శుభ్రం చేసేసినవాళ్లు ఉన్నారు. లోకల్ ఫైల్ చదివాక డైరెక్టరీలో కూడా చూడమని చెప్పేది ఆ ప్లస్ లైనే, అది పోతే ఆటోఎఫ్ఎస్ ఎల్‌డాప్ గడప తొక్కదు.

ఇప్పుడు ఆటోఎఫ్ఎస్ రీస్టార్ట్ చేసి:

ఆటోమౌంట్ -ఎం

ఇక్కడ /నెట్‌హోమ్ కనబడాలి, దాని కింద ఎస్ఎస్ఎస్ అని, ఆటో.నెట్‌హోమ్ అని, నక్షత్రం ఉన్న లైన్ రావాలి. వచ్చిందంటే సగం గెలిచినట్టే, మిగిలింది ఫోల్డర్లు, పర్మిషన్లు.

7. అసలు పరీక్ష

ముందు రామప్పలో ఆ విద్యార్థి ఫోల్డర్ తయారు చేయాలి. ఆటోఎఫ్ఎస్ ఉన్న ఫోల్డర్‌ని తెస్తుంది, లేనిదాన్ని పుట్టించదు. క్లయింట్‌లో "మొదటి లాగిన్‌కి హోమ్ తయారు చేయి" అనే పామ్ (లాగిన్ సంగతి చూసుకునేది) ఆప్షన్ ఉంది కదా, అది కూడా ఇక్కడ పనికిరాదు, క్లయింట్‌లో రూట్ అయినా సర్వర్ దగ్గర రూట్_స్క్వాష్ వల్ల ఎవరో దారిన పోయేవాడే. కాబట్టి రామప్పలోనే ఫోల్డర్ చేసి, /ఈటీసీ/స్కెల్‌లో ఉన్నవి కాపీ చేసి, ఓనర్ మార్చి, పర్మిషన్ 700 పెట్టండి. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడు నేను దీనికి ఒక చిన్న షెల్ స్క్రిప్ట్ నడుపుతా, పది నిమిషాల్లో అయిపోతుంది.

ఇక క్లయింట్‌లో సీఎస్ఈ101గా లాగిన్ అయ్యి:

పీడబ్ల్యూడీ
డీఎఫ్ -హెచ్ .
టచ్ పరీక్ష.టీఎక్స్‌టీ

డీఎఫ్ లైన్‌లో రామప్ప పేరు కనబడాలి. అదే యూజర్‌తో ఇంకో సిస్టమ్ ఉంటే అక్కడ ఆ ఫైల్ ఉందేమో చూడండి. తర్వాత లాగౌట్ అయ్యి, చాయ్ తాగి రండి. డిఫాల్ట్ టైమవుట్ 300 సెకన్లు, ఆరేడు నిమిషాల తర్వాత రూట్‌గా చూస్తే ఆ మౌంట్ దానంతట అదే దిగిపోయి ఉండాలి. దిగలేదంటే ఎవరో ఆ ఫోల్డర్‌లో కూర్చుని ఉన్నట్టు, ఎక్కువగా లాగౌట్ అయినా చావని ఏదో ప్రాసెస్. దీని గురించి మరీ టెన్షన్ వద్దు.

చివరిగా సిస్టమ్ రీబూట్ చేసి, లేవగానే వెంటనే లాగిన్ అయ్యి చూడండి. చేత్తో రీస్టార్ట్ చేస్తే నడిచి, బూట్ అయినప్పుడు నడవకపోతే, నెట్‌వర్క్ లేవకముందే ఆటోఎఫ్ఎస్ మ్యాప్ అడిగి వెనక్కి వచ్చిందన్నమాట. /ఈటీసీ/ఆటోఎఫ్ఎస్.కాన్ఫ్‌లో మాస్టర్_వెయిట్ విలువ పెంచండి.

మళ్లీ మళ్లీ అడిగేవి

*"అన్నా, /నెట్‌హోమ్‌లో ఎల్ఎస్ కొడితే ఖాళీగా ఉంది."* ఖాళీగానే ఉంటుంది తమ్మీ. ఎవరూ అడగనిది హమాలీ తేడు, పైగా నక్షత్రం లైన్‌కి ముందుగా చూపించడానికి పేర్ల లిస్టే లేదు. నేరుగా సీడీ /నెట్‌హోమ్/సీఎస్ఈ101 కొట్టు, వస్తుంది.

*"తప్పు సరిదిద్దాను, అయినా అదే ఎర్రర్."* ఇక్కడ రెండు జ్ఞాపకాలు అడ్డం వస్తాయి. ఒకసారి దొరకని పేరుని ఆటోఎఫ్ఎస్ 60 సెకన్లు "లేదు" అనే గుర్తుపెట్టుకుంటుంది. ఎల్‌డాప్ నుంచి తెచ్చిన మ్యాప్‌ని ఎస్ఎస్ఎస్‌డీ 5400 సెకన్లు, అంటే గంటన్నర దాచుకుంటుంది. అందుకే ఏది మార్చినా ముందు "ఎస్ఎస్ఎస్_క్యాష్ -ఏ" (ఏ పెద్దది), తర్వాత ఆటోఎఫ్ఎస్ రీలోడ్. ఇది తెలియక నేను ఒక సాయంత్రం మొత్తం కరెక్ట్‌గా ఉన్న కాన్ఫిగరేషన్‌ని పాడు చేసుకుంటూ కూర్చున్నా, కాజీపేట పోయే ఆఖరి బస్సు కూడా పోయింది.

*"ఫైళ్ల ఓనర్ నోబడీ అని వస్తోంది."* సర్వర్, క్లయింట్ రెండింటిలో /ఈటీసీ/ఐడీమ్యాప్‌డీ.కాన్ఫ్ తెరిచి డొమైన్ లైన్ ఒకేలా ఉందో చూడండి. మార్చాక క్లయింట్‌లో "ఎన్ఎఫ్ఎస్‌ఐడీమ్యాప్ -సీ" కొట్టండి. అప్పటికీ పోకపోతే స్టెప్ 2కి వెళ్లండి, రామప్పకి ఆ యూజర్ ఎవరో తెలియట్లేదు.

*"అంతా బాగుంది, ఫైర్‌ఫాక్స్ మాత్రం తెరుచుకోవట్లేదు."* ఉబుంటు 22.04, 24.04లో ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గా (విడిగా కట్టిన ప్యాకేజీగా) వస్తోంది, స్నాప్‌కి /హోమ్ బయట ఉన్న ఇల్లు ఇల్లే కాదు. "స్నాప్ సెట్ సిస్టమ్ హోమ్‌డిర్స్=/నెట్‌హోమ్" అని రూట్‌గా కొట్టండి.

*"నేను రెడ్‌హ్యాట్ రకం వాడుతున్నా."* క్లయింట్‌లో "సెట్‌సీబూల్ -పీ యూజ్_ఎన్ఎఫ్ఎస్_హోమ్_డిర్స్ 1" (పీ పెద్దది) తప్పనిసరి, లేకపోతే ఎస్ఈలైనక్స్ (అందులో ఉండే సెక్యూరిటీ కాపలా) అడ్డుపడుతుంది. రెడ్‌హ్యాట్ 8 నుంచి ఓపెన్‌ఎల్‌డాప్ సర్వర్ ప్యాకేజీ రావట్లేదు, డైరెక్టరీ కోసం 389 డైరెక్టరీ సర్వర్ గానీ ఫ్రీఐపీఏ గానీ చూసుకోండి.

ఇవేవీ కాకుండా ఇంకేదో ఎర్రర్ ఉంటే గుడ్డిగా వెతక్కండి. ఆటోఎఫ్ఎస్ సర్వీస్ ఆపి, టెర్మినల్‌లో "ఆటోమౌంట్ -ఎఫ్ -డీ" నడపండి (రెండూ చిన్నవే, ఈసారి నిజంగానే). ఇంకో టెర్మినల్‌లో ఆ ఫోల్డర్‌లోకి సీడీ కొట్టండి. మొదటి టెర్మినల్‌లో అది ఏం వెతుకుతోందో, ఎవరు కాదన్నారో లైన్ లైన్‌గా వస్తుంది. "కీ దొరకలేదు" అంటే తప్పు డైరెక్టరీ వైపు. "యాక్సెస్ డినైడ్ బై సర్వర్" అంటే ఎక్స్‌పోర్ట్స్ ఫైల్. "నో సచ్ ఫైల్" అంటే రామప్పలో ఆ ఫోల్డరే లేదు. నాకు ఫోన్ చేసేముందు ఈ మూడింట్లో ఏది వచ్చిందో చూసి పెట్టుకోండి, మాట రెండు నిమిషాల్లో అయిపోతుంది.

కరెంట్ పోయినప్పుడు

హార్డ్ ఆప్షన్ పెట్టాం కాబట్టి రామప్ప ఆగిపోతే క్లయింట్లు బిగుసుకుపోతాయి. పిల్లలు పవర్ బటన్ మీద చెయ్యి వేయకముందే వాళ్లకి చెప్పండి: సర్వర్ లేవగానే ఆగినచోటి నుంచే నడుస్తుంది, వేచి చూడమని. "సాఫ్ట్ పెడితే బిగుసుకోదు కదా" అంటారు. బిగుసుకోదు, కానీ రాస్తున్న ఫైల్ సగంలో తెగిపోతుంది. హోమ్ ఫోల్డర్లకి హార్డే పెట్టండి. చదవడానికి మాత్రమే ఇచ్చే నోట్స్, పీడీఎఫ్‌ల ఫోల్డర్‌కి కావాలంటే సాఫ్ట్ పెట్టుకోండి.

యూపీఎస్ సర్వర్‌కి పెట్టి నెట్‌వర్క్ స్విచ్‌కి పెట్టని ల్యాబ్‌లు ఎన్ని చూశానో. సర్వర్ వెలుగుతూనే ఉంటుంది, దాన్ని చేరే దారి ఉండదు. స్విచ్ కూడా అదే యూపీఎస్ మీద పెట్టండి.

భద్రత

ఈ సెటప్‌లో సర్వర్ క్లయింట్ మాటని నమ్ముతుంది, "నేను 10101 నంబర్ యూజర్‌ని" అని క్లయింట్ అంటే సరేనంటుంది. ఎవడైనా గడుసు పిల్లవాడు సొంత ల్యాప్‌టాప్ తెచ్చి ల్యాబ్ కేబుల్‌కి తగిలించి, అదే నంబర్‌తో యూజర్ చేసుకుంటే పక్కవాడి రికార్డు మొత్తం చదివేస్తాడు. అందుకే ఎక్స్‌పోర్ట్స్‌లో రేంజ్ మొత్తం ఇచ్చే బదులు ల్యాబ్ సిస్టమ్స్ ఐపీలే ఇవ్వండి, స్విచ్‌లో ఖాళీ పోర్టులు ఆపేయండి. అసలు మందు కెర్బరోస్ (ఎవరు ఎవరో టికెట్‌తో నిర్ధారించే పద్ధతి), అది ఇంకో రోజు పని. మార్కులు, జీతాల లాంటివి మాత్రం కెర్బరోస్ పెట్టేదాకా ఈ సర్వర్‌లో ఉంచకండి.

ఒక క్లయింట్ వారం రోజులు సాఫీగా నడిచాక మిగతా ముప్పై తొమ్మిదికీ మూడు ఫైళ్లు కాపీ చేయండి: ఎస్ఎస్ఎస్‌డీ.కాన్ఫ్, ఎన్ఎస్ఎస్‌విచ్.కాన్ఫ్, ఆటో.మాస్టర్, వాటితోపాటు సీఏ సర్టిఫికెట్. కాపీ అయ్యాక ఎస్ఎస్ఎస్‌డీ.కాన్ఫ్ పర్మిషన్ 600 ఉందో లేదో ప్రతిదాంట్లో మళ్లీ చూడండి. పెన్‌డ్రైవ్‌తో కాపీ చేస్తే అది కచ్చితంగా మారి ఉంటుంది.